పొద్దుతో తిరుగు సోలారు చట్రము
(ఉన్నత పాఠశాలల విద్యార్థులకును, వారి ఇండ్లలోని రైతులకును ఒక పాఠము)

పెద్దారవీడు మండలము మెట్ట ప్రాంతము. కంది, ప్రత్తి, మిరప, సజ్జ మొదలగు పైరులు ఇచ్చట వర్షము మీదను, లోతు బోర్ల మీదను ఆధారపడి పండుచున్నవి. విద్యుత్తు తీగ చేరని పొలములలో సోలారు పంపు రైతునకు ఆసరా. 2019లో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన పి.ఎం. కుసుమ్ పథకములో ఇట్టి విడి పంపులకు సహాయము కల్పింపబడినది. అయితే బోరు లోతుగా ఉన్నచోట ఉదయము ఎండ బాగుగా ఎక్కువరకు నీరు పైకి రాదు; సాయంత్రము పొద్దు వాలకముందే ధార సన్నగిల్లును. పలకలు (సోలారు ప్యానెళ్ళు) ఒకే దిక్కునకు చూచుచుండగా సూర్యుడు తూర్పు నుండి పడమరకు పోవుటయే దీనికి ఒక ముఖ్య కారణము.

పలకలను పొద్దుతోపాటు త్రిప్పు ఏర్పాటునకు ట్రాకరు అని పేరు. దీని నమూనాను ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల విద్యార్థులు స్వయముగా తయారుచేయగలరు. నీతి ఆయోగ్ వారి అటల్ ఇన్నొవేషన్ మిషన్ 2016లో ప్రారంభమైన పిమ్మట ఎంపికైన పాఠశాలలలో అటల్ టింకరింగ్ ల్యాబులు ఏర్పడినవి. అట్టి ల్యాబు లేని పాఠశాలలో కూడ ఈ పాఠములోని మొదటి మూడు మెట్లు జరుపవచ్చును. ఇంజనీరింగు అనగా యంత్రమును కొనితెచ్చి బిగించుట కాదు. ముందు కొలుచుట, పిమ్మట లెక్కవేయుట, ఆ లెక్క ప్రకారము చేయుట, చేసినదానిని మరల కొలుచుట. ఈ నాలుగును పిల్లలకు అలవడినచో పాఠము ఫలించినట్లే.

మొదటి మెట్టు: సూర్యుని నడకను కొలుచుట

ఒక మీటరు కర్రను చదునైన నేలపై నిట్టనిలువుగా పాతవలెను. నిలువు సరిచూచుటకు తాపీ మేస్త్రి గుండుదారము చాలును. ఉదయము 9 గంటల నుండి సాయంత్రము 4 గంటల వరకు అర్ధగంటకొకసారి నీడ కొనను సుద్దతో గుర్తించి, పొడవును నోటుబుక్కులో వ్రాయవలెను. కర్ర పొట్టిదైనచో మార్కాపురపు నల్లపలక మీదనే గీతలు గీయవచ్చును. నీడ మిక్కిలి పొట్టిగా ఉన్నప్పటి గీత సరిగా ఉత్తర దక్షిణముల దిక్కును చూపును. చట్రమును నిలుపుటకు ఈ గీతయే ఆధారము.

ఇచ్చట పిల్లలు ఒక వింతను గమనింతురు. పొట్టి నీడ గడియారములో సరిగా 12 గంటలకు పడదు. మన దేశపు గడియారములు 82½ డిగ్రీల తూర్పు రేఖాంశమును బట్టి నడచును. మార్కాపురము సుమారు 79¼ డిగ్రీల వద్ద ఉన్నది. భూమి ఒక డిగ్రీ తిరుగుటకు 4 నిమిషములు పట్టును గనుక మనకు మధ్యాహ్నము సరాసరిన 13 నిమిషములు ఆలస్యముగా వచ్చును. ఇదిగాక ఋతువును బట్టి కూడ కొంత భేదము గలదు. నవంబరు మొదట సుమారు 11-57కును, ఫిబ్రవరి నడుమ సుమారు 12-27కును పొద్దు నడినెత్తికి వచ్చును. అన్నవరము కొండపైని నీడగడియారమును చూచినవారికి ఈ భేదము తెలిసియుండును.

మన ప్రాంతము సుమారు 15¾ డిగ్రీల ఉత్తర అక్షాంశము మీద ఉన్నది. కావున మార్చి 21, సెప్టెంబరు 23 ప్రాంతములలో మీటరు కర్ర మధ్యాహ్నపు నీడ సుమారు 28 సెంటీమీటర్లు, డిసెంబరు 22న సుమారు 82 సెంటీమీటర్లు ఉండును. మే 4, ఆగస్టు 9 ప్రాంతములలో మధ్యాహ్నము నీడయే ఉండదు. ఈ రెండు తేదీల నడుమ నీడ దక్షిణమునకు పడును. పిల్లలు తమ కొలతలను ఈ అంకెలతో పోల్చి, తేడా వచ్చినచో కర్ర ఒరిగినదో, నేల వాలుగా ఉన్నదో వెదకవలెను.

రెండవ మెట్టు: ఏటవాలు ఎండ లెక్క

వానలో బిందెను నిలువుగా పెట్టినచో నీరు ఎక్కువ పడును. ప్రక్కకు వంచినచో తక్కువ పడును. ఎండయు అంతే. పలకకు ఎండ సూటిగా తగిలినపుడు నూరుపాళ్ళు అందినదనుకొనిన, ఏటవాలు పెరిగినకొలది అందునది ఇట్లు తగ్గును:

15 డిగ్రీల ఏటవాలునకు 97 పాళ్ళు
30 డిగ్రీలకు 87 పాళ్ళు
45 డిగ్రీలకు 71 పాళ్ళు
60 డిగ్రీలకు 50 పాళ్ళు
75 డిగ్రీలకు 26 పాళ్ళు

ఇవి పదవ తరగతి త్రికోణమితిలోని కొసైను విలువలే. ఈ విలువలు ఎందులకు పనికివచ్చునని అడుగు పిల్లవానికి ఇదియే సమాధానము. సూర్యుడు గంటకు 15 డిగ్రీలు నడచును గనుక మధ్యాహ్నమునకు నాలుగు గంటల ముందు, నాలుగు గంటల తరువాత కదలని పలకకు సగము ఎండయే అందును.

ఇపుడు ఒక లెక్క చేయింపవలెను. మార్చి 21 ప్రాంతపు దినమును తీసికొని, సూర్యుని గడియారము ప్రకారము ఉదయము 7 నుండి సాయంత్రము 5 వరకు ప్రతి అర్ధగంట నడుమను, అనగా 7-15, 7-45 ఇట్లు ఇరువది విలువలు వ్రాసి సరాసరి కట్టవలెను. ఎల్లవేళల సూర్యునికి ఎదురుగా తిరుగు పలకకు 100 అనుకొనిన, కదలని పలకకు సుమారు 74 వచ్చును.

పిమ్మట మూడవ పద్ధతిని లెక్కించవలెను. పలకను ఉదయము 45 డిగ్రీలు తూర్పునకు, 10 గంటలకు సమముగా, 2 గంటలకు 45 డిగ్రీలు పడమరకు చేతితో త్రిప్పినామనుకొనుడు. ఏటవాలు ఏ సమయమునను 30 డిగ్రీలు దాటదు. అందు ఎండ 87 పాళ్ళకు తగ్గదు. సరాసరి కట్టగా సుమారు 96 వచ్చును. అనగా దినమునకు మూడుమారులు చేయి వేసినచో, ఎడతెగక తిరుగు యంత్రమునకు అందు ఎండలో నూటికి 96 పాళ్ళు మనకు దక్కును. ఈ పాఠమునకు ఇది ప్రాణము. ఉపాధ్యాయులు దీనిని చెప్పివేయక, పిల్లల లెక్కలోనుండియే తేలనీయవలెను.

అయితే ఇది కాగితము మీది లెక్క. ఉదయ సాయంత్రముల ఎండ మందమైన గాలి పొరల గుండా వచ్చును గనుక దానికి బలము తక్కువ. మబ్బు దినములలో వెలుతురు అన్ని దిక్కులనుండి వచ్చును గనుక త్రిప్పుట వలన లాభము స్వల్పము. ఈ కారణములచే ఒక ఇరుసుపై తిరుగు పలకలకు వాస్తవముగా వచ్చు లాభము సాధారణముగా నూటికి 15 నుండి 25 వరకు ఉండును.

మూడవ మెట్టు: చేతితో త్రిప్పు చట్రము

కావలసిన సామాను: 10 వాట్ల చిన్న సోలారు పలకలు రెండు, ఒక మల్టీమీటరు, రెండడుగుల కొయ్యచట్రము, ఇరుసునకు ఇనుప కమ్మీ, కోణమాపకము, గుండుదారము.

ఇరుసును మొదటి మెట్టులో గీసిన ఉత్తర దక్షిణ గీతపై అమర్చి, ఉత్తరపు కొనను 16 డిగ్రీలు ఎత్తవలెను. ఇరుసు పొడవు 60 సెంటీమీటర్లయినచో ఆ కొన దక్షిణపు కొనకంటె సుమారు 16½ సెంటీమీటర్లు ఎత్తుగా ఉండవలెను. అప్పుడు ఇరుసు రాత్రి ధ్రువనక్షత్రము వైపు చూచును. సరిచూచుటకు ఇంతకంటె సులభోపాయము లేదు. ఇట్లమర్చిన ఇరుసుపై తూర్పు పడమరలకు త్రిప్పిన చాలును. ఎండకాల, చలికాలముల ఉత్తర దక్షిణ భేదము వలన కలుగు తగ్గుదల ఎంత హెచ్చినను నూటికి సుమారు 8 పాళ్ళే.

పలక బరువు ఇరుసునకు రెండు ప్రక్కల సమముగా ఉండవలెను. బావివద్ద ఏతమును చూచిన పెద్దలకు ఈ సూత్రము తెలియును. వెనుక బరువు సరిపోయినచో నిండిన బానను ఒక్క మనిషి అవలీలగా లేపును. సరిపోనిచో ఇద్దరికిని నడుము విరుగును. ఒక కిలో బరువుగల పలక మధ్యభాగము ఇరుసునుండి 5 సెంటీమీటర్లు తొలగినచో, దానిని నిలుపుటకు 5 కిలో-సెంటీమీటర్ల త్రిప్పుబలము కావలెను. బజారులో దొరకు మిక్కిలి చిన్న సర్వో మోటారు బలము సుమారు 1.8 మాత్రమే. మోటారు చాలలేదని పెద్దది కొనకముందు బరువును సరిదిద్దుట మంచిది.

రెండవ పలకను కదలకుండ 16 డిగ్రీల వాలున దక్షిణమునకు నిలుపవలెను. గంటకొకసారి రెండు పలకల ప్రవాహమును మల్టీమీటరుతో, డి.సి. ఆంపియర్ల స్థానమున కొలిచి ఎదురెదురుగా వ్రాయవలెను. పలక రెండు తీగలను నేరుగా మీటరునకు కలిపినపుడు వచ్చు ప్రవాహము దానిపై పడు వెలుతురునకు దాదాపు అనుపాతముగా ఉండును. కావున ఇదియే మనకు కొలబద్ద. కొలతకు ముందు రెండు పలకలను ఒకే వాలున ఉంచి, రెండును సమానముగా చూపుచున్నవో లేవో సరిచూడవలెను. ఒకటి తక్కువ చూపినచో ముందు దుమ్ము తుడువవలెను. దుమ్ము తుడిచినందువలన వచ్చు లాభమునకు మోటారు అక్కరలేదు.

నాలుగవ మెట్టు: తనంతట తిరుగు చట్రము

ప్రకృతిలో ఇట్టి ఏర్పాటు ముందే గలదు. లేత పొద్దుతిరుగుడు మొక్క పగలు తూర్పు నుండి పడమరకు తిరిగి, రాత్రి మరల తూర్పునకు వచ్చును. పగలు కాండము తూర్పు ప్రక్కయు, రాత్రి పడమటి ప్రక్కయు ఎక్కువ పెరుగుటచే ఇది జరుగును. పువ్వు ముదిరిన తరువాత తూర్పునకే చూచుచు నిలిచిపోవును. ప్రత్తి ఆకులు కూడ ఎండను అనుసరించి తిరుగును.

మన చట్రమునకు కాండము లేదు గనుక రెండు కన్నులు పెట్టవలెను. ఎల్.డి.ఆర్. అను చిన్న బిళ్ళకు వెలుతురు హెచ్చినకొలది విద్యుత్ నిరోధము తగ్గును. రెండు బిళ్ళలను పలక అంచున ప్రక్కప్రక్కన ఉంచి, నడుమ ఒక అట్టగోడ నిలుపవలెను. సూర్యుడు ప్రక్కకు జరిగినపుడు గోడ నీడ ఒక బిళ్ళపై పడును. ఆర్డునో వంటి చిన్న నియంత్రణ బోర్డు ఈ రెండింటిని పోల్చి, వెలుతురు ఎక్కువగా ఉన్న వైపునకు సర్వో మోటారును త్రిప్పును. రెండును సమానమైనపుడు ఆపును. చీకటి పడినపుడు తూర్పునకు మరల్చును.

ఇచ్చట సాధారణముగా ఒక చిక్కు వచ్చును. గదిలో లాంతరు వెలుతురున చక్కగా తిరిగిన చట్రము ఎండలోనికి తెచ్చినపుడు కదలదు. కారణము ఓమ్ సూత్రములోనే ఉన్నది. బిళ్ళతో వరుసగా 10,000 ఓముల నిరోధకమును కలుపుట వాడుక. ఎండలో ఒక బిళ్ళ 100 ఓములకు, నీడపడిన రెండవది 200 ఓములకు దిగినదనుకొనుడు. బోర్డు 0 నుండి 1023 వరకు చూపు అంకెలలో మొదటిది 1013, రెండవది 1003 వచ్చును. భేదము పది మాత్రమే. అదే 220 ఓముల నిరోధకము పెట్టినచో 703, 536 వచ్చును; భేదము 167. యంత్రమును అది పనిచేయవలసిన చోటనే పరీక్షింపవలెనను నీతి పిల్లలకు ఇందువలన బోధపడును.

భేదము 30 అంకెలు దాటినపుడే మోటారు కదలవలెనని నిర్ణయించుట మంచిది. లేనిచో చట్రము ఊరక వణకుచుండును. సూర్యుడు 20 నిమిషములలో 5 డిగ్రీలే నడచును. 5 డిగ్రీల ఏటవాలు వలన నష్టము వెయ్యింటికి 4 పాళ్ళు మాత్రమే. కావున 20 నిమిషములకొకసారి త్రిప్పి, నడుమ మోటారునకు విద్యుత్తు ఆపివేయవచ్చును. కన్నులతో చూచి తిరుగునది మబ్బు అంచున మెరుపును చూచి మోసపోవుట కలదు. అందువలన పెద్ద సోలారు కేంద్రములలో తేదీ, సమయములను బట్టి సూర్యుని స్థానమును లెక్కించి త్రిప్పు పద్ధతి వాడుకలో ఉన్నది. మొదటి మెట్టులో పిల్లలు నేర్చినది ఈ విద్యయే.

ఐదవ మెట్టు: లాభనష్టముల లెక్క

ఉదాహరణకు కదలని 10 వాట్ల పలక మంచి ఎండ దినమున 45 వాట్-గంటలు ఇచ్చినదనుకొనుడు. త్రిప్పుట వలన నూటికి 20 లాభమనిన 9 వాట్-గంటలు. బోర్డు, మోటారు కలసి సరాసరిన అర వాటు తీసికొనినచో 10 గంటలకు 5 వాట్-గంటలు ఖర్చు. మిగులు 4 మాత్రమే. అదే చట్రముపై 3 వాట్ల పలక పెట్టినచో లాభము 3 వాట్-గంటలకు లోపు, ఖర్చు 5. ఇది పావలా కోడికి ముప్పావలా మసాలా వంటిది. 5 అశ్వశక్తి పంపునకు వాడు సుమారు 4800 వాట్ల పలకలకైనచో లాభము దినమునకు 4 యూనిట్ల వరకు ఉండును. త్రిప్పు మోటారు ఖర్చు దానిముందు స్వల్పము. కావున యంత్రము మంచిదా చెడ్డదా అను ప్రశ్నకు పరిమాణము చెప్పక సమాధానము లేదు. చేతితో త్రిప్పుటకు మాత్రము ఏ పరిమాణమునకైనను విద్యుత్తు ఖర్చు లేదు.

గాలి లెక్కయు వేయవలెను. గంటకు 36 కిలోమీటర్ల గాలి ఎదురుగా తగిలినచో చదరపు మీటరునకు సుమారు 6 కిలోల ఒత్తిడి కలుగును. 4800 వాట్ల పలకల వైశాల్యము సుమారు 24 చదరపు మీటర్లు. ఒత్తిడి 145 కిలోల పైమాట. గాలి వేగము రెట్టింపయినచో ఒత్తిడి నాలుగు రెట్లగును. అందువలననే పెనుగాలి సూచన ఉన్నపుడు పలకలను నేలకు సమముగా పడుకోబెట్టి బోల్టులు బిగించవలెను.

పొద్దుతో తిరుగు ఏర్పాటుతో పొలమునకు నీరు తోడుట నేటి మాట కాదు. 1913లో ఈజిప్టు దేశమున కైరో సమీపములోని మాదీ వద్ద ఫ్రాంక్ షూమన్ అను అమెరికా దేశీయుడు ఐదు పొడవైన అద్దపు తొట్లను నిర్మించెను. అవి సూర్యుని వెంట తిరుగుచు నీటిని ఆవిరిగా మార్చెను; ఆ ఆవిరి యంత్రము నైలు నీటిని పొలములకు తోడెను. మరుసటి సంవత్సరము మొదటి ప్రపంచ యుద్ధము రాగా ఆ పని నిలిచిపోయినది.

ఆరవ మెట్టు: పొలములో పరీక్ష

చాల సోలారు పంపుల చట్రములు దినమునకు మూడుమారులు చేతితో త్రిప్పుటకు వీలుగానే తయారైనవి. త్రిప్పకుండ విడిచినచో ఆ వీలు వృథా. ఇంటివద్ద అట్టి పంపు ఉన్న విద్యార్థి తండ్రి అనుమతితో ఈ పరీక్ష చేయవలెను. నీటిగొట్టము వద్ద 200 లీటర్ల డ్రమ్ము ఉంచి, నిండుటకు పట్టిన సెకండ్లను కొలువవలెను. 12,000ను ఆ సెకండ్లతో భాగించిన నిమిషమునకు ఎన్ని లీటర్లో తేలును. ఎండ ఒకేవిధముగా ఉన్న రెండు దినములు ఎంచుకొని, ఒక దినము పలకలను కదల్పక, రెండవ దినము త్రిప్పుచు గంటకొకసారి కొలువవలెను. నీరు మొదట ఎన్ని గంటలకు వచ్చినది, ఎన్ని గంటలకు ఆగినది కూడ వ్రాయవలెను. లోతు బోరునుండి నీటిని పైకెత్తుటకు పంపునకు ఒక కనీసవేగము కావలెను. దానికి చాలినంత ఎండ త్వరగా అందినచో నీరు త్వరగా మొదలగును. అందుచే విద్యుత్తులో వచ్చు లాభముకంటె నీటిలో వచ్చు లాభము కొన్ని చోట్ల ఎక్కువగా ఉండవచ్చును.

మన గడియారము ప్రకారము ఉదయము 10-15కు సమముగాను, మధ్యాహ్నము 2-15కు పడమరకును, సాయంత్రము పని ముగించి ఇంటికి వచ్చునపుడు మరునాటికై తూర్పునకును త్రిప్పుట అనుకూలము. వాలు 45 డిగ్రీలకు చట్రము అనుమతింపనిచో అనుమతించినంత మేరకే త్రిప్పవలెను. త్రిప్పిన ప్రతిసారియు బోల్టు బిగించుట మరువరాదు.

రైతు సోదరులు ఒక సంగతి గుర్తుంచుకొనవలెను. పలక త్రిప్పినందువలన భూమిలోని నీరు పెరుగదు. తోడుట మాత్రమే పెరుగును. బోరు ఊట తక్కువగా ఉన్నచోట ఎక్కువ గంటలు తోడినచో బోరు త్వరగా అడుగంటును. అదనముగా వచ్చిన నీటిని కాలువకట్టి పారింపక, బిందుసేద్యముతో ఉన్న పైరునకే సకాలములో అందించుట శ్రేయస్కరము. ధార నడుమ తెగుచున్నచో అది ఊట చాలకపోవుటకు గుర్తు. అప్పుడు పంపును ఆపి విశ్రాంతి ఇవ్వవలెను. కొలతల పట్టికను గ్రామములోని రైతు సేవా కేంద్రమునకు తెచ్చినచో మా సిబ్బందితో కూర్చొని చర్చింపవచ్చును.

జాగ్రత్తలు

1. సూర్యుని నేరుగా చూడరాదు. నీడను చూచియే దిక్కు తెలిసికొనవలెను.
2. విద్యార్థులు 12 వోల్టుల చిన్న పలకలను మాత్రమే విప్పి కలుపవలెను. పొలములోని పంపు పలకలు వరుసగా కలిపి ఉండును. వాటి తీగలలో వందల వోల్టుల డి.సి. విద్యుత్తు పగలంతయు ఉండును. వాటిని పిల్లలు ముట్టరాదు.
3. పంపు చట్రమును త్రిప్పునపుడు పెద్దలు దగ్గర ఉండవలెను. గాలి విసరునపుడు బోల్టు వదలు చేయరాదు.
4. వేడెక్కిన పలకపై చల్లని నీరు పోయరాదు. తెల్లవారుజామున తుడుచుట మంచిది.

అభ్యాసము

1. మీ ఊరిలో నేడు పొట్టి నీడ ఎన్ని గంటలకు పడినది? 12 గంటలకు ఎందుకు పడలేదు?
2. పలకను మూడుమారులు గాక రెండుమారులే, అనగా ఉదయము తూర్పునకు, మధ్యాహ్నము పడమరకు త్రిప్పినచో సరాసరి ఎంత వచ్చును? ఏ కోణము మేలు?
3. మీ నమూనా ఒక దినములో సంపాదించిన వాట్-గంటలెన్ని, తిన్నవెన్ని?
4. మీ ఇంటి పంపు పరీక్షలో వచ్చిన అదనపు నీరు ఏ పైరునకు, ఎన్ని సెంట్లకు సరిపోవును?

నాలుగు ప్రశ్నలకు తన కొలతలతో జవాబు వ్రాసిన విద్యార్థి ఆ నోటుబుక్కును కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖవారి ఇన్‌స్పైర్ మానక్ పథకమునకు ఉపాధ్యాయుని ద్వారా పంపుటకు ఆధారముగా వాడుకొనవచ్చును. ఎంపికైన ఆలోచనకు నమూనా నిమిత్తము 10,000 రూపాయలు ఇచ్చుచున్నారు. ఎంపిక కాకున్నను నష్టము లేదు. పలక త్రిప్పిన దినమున డ్రమ్ము ఎన్ని సెకండ్లకు నిండినదో చూపి తండ్రికి చెప్పగల పిల్లవాడు ఇంజనీరింగులో మొదటి పాఠము నేర్చినట్లే. ఉపాధ్యాయులును, రైతులును ఈ వేసవి ఎండలోనే ఈ ప్రయోగమును ఆరంభింతురు గాక.